సముద్రం కనిపించే బల్ల, మూడు వేల రూపాయలు

ప్రశ్న: అక్కా, నాది విజయనగరం. వయసు 27. ఇక్కడే ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను, జీతం 26 వేలు. కార్తీకంలో నిశ్చితార్థం అయింది, ఫాల్గుణంలో పెళ్ళి. అమ్మాయి వాళ్ళది శ్రీకాకుళం. విశాఖలో ఉద్యోగం చేస్తూ ఎంవీపీ కాలనీలో లేడీస్ హాస్టల్లో ఉంటోంది. రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తారు. జనవరి మొదటివారంలో ఆమె పుట్టినరోజు, బుధవారం పడింది. ఒకసారి ఫోన్లో మాటల మధ్య, "బీచ్ రోడ్డులో ఇన్నాళ్ళు తిరిగాను గానీ సముద్రం కనిపించేలా కూర్చుని ఎప్పుడూ ఏమీ తినలేదు" అంది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఆ వారం శనివారం రాత్రి ఏదైనా పెద్ద హోటల్‌కి డిన్నర్‌కి తీసుకెళ్దామని ఉంది. దారి ఖర్చులతో కలిపి నా దగ్గర 3,000 ఉన్నాయి. అలాంటి చోటికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. మెనూ ఇంగ్లీషులో ఉంటుంది, ఫోర్కుతో తినడం అలవాటు లేదు, బిల్లు ఎంత వస్తుందో తెలీదు. ఫ్రెండ్ తన క్రెడిట్ కార్డు ఇస్తానంటున్నాడు. ఆమె ముందు చిన్నబోతానేమోనని టెన్షన్‌గా ఉంది. తక్కువ ఖర్చులో మంచి హోటల్ ఎలా ఎంచుకోవాలి?

- ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: తమ్ముడూ, ముందుగా మీ ఇద్దరికీ నా ఆశీస్సులు. నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది, మాటల మధ్య ఆమె అన్న ఒక్క ముక్కని నువ్వు జాగ్రత్తగా దాచుకోవడం. ఇప్పుడు ఆ ముక్కనే మళ్ళీ ఒకసారి చదువుకో. సముద్రం కనిపించేలా కూర్చుని తినాలని ఉందంది. పెద్ద హోటల్ అనలేదు, రాత్రి అనలేదు, శనివారం అనలేదు. ఆ మూడూ నువ్వు కలుపుకున్నవి. నీ ఖర్చు పెంచుతున్నవి కూడా ఆ మూడే.

రాత్రి సంగతి ముందు చెబుతాను. మన సముద్రం తూర్పున ఉంది. పొద్దు ఊరి వెనక కొండల వైపు గుంకుతుంది. జనవరి మొదట్లో విశాఖలో సాయంత్రం 5:30కి, 5:45కి మధ్య సూర్యాస్తమయం అయిపోతుంది. ఇంకో అరగంటకి నీళ్ళు నల్లబడతాయి. ఎనిమిదింటికి నువ్వు ఎంత మంచి హోటల్లో కిటికీ పక్క బల్ల సంపాదించినా, లోపల దీపాలు వెలుగుతుంటాయి కాబట్టి అద్దంలో మీ ఇద్దరి ముఖాలూ, వెనక ట్రేలు పట్టుకుని తిరిగే వాళ్ళూ కనిపిస్తారు. ఆరుబయట బల్ల దొరికితే ఒడ్డున తెల్లటి నురగ, దూరంగా లంగరు వేసిన ఓడల దీపాలు కనిపించవచ్చు. అదీ బాగానే ఉంటుంది. కానీ ఆమె చూడాలనుకున్న సముద్రం అది కాదేమో అనిపిస్తోంది నాకు. సముద్రం ఉన్న చోట ధర ఎక్కువ. సముద్రం కనిపించని వేళ వెళ్ళి ఆ ధర ఎందుకు కట్టాలి?

అందుకని పగటి వెలుతురు ఉండగానే వెళ్ళండి. నాలుగున్నర, ఐదు మధ్య బల్ల దగ్గర కూర్చున్నారనుకో, గంటసేపు నీలంగా, తర్వాత బూడిదరంగులోకి మారుతూ సముద్రం మీ ఎదురుగానే ఉంటుంది. కేలండర్ తీసి పౌర్ణమి ఎప్పుడో కూడా చూడు. పున్నమి నాడు అటు పొద్దు గుంకే వేళకే ఇటు చంద్రుడు లేస్తాడు. తూర్పు తీరం కాబట్టి నేరుగా నీళ్ళలోంచే పైకొస్తున్నట్టు ఉంటుంది. మర్నాటి నుంచి రోజుకి సుమారు ముప్పావుగంట ఆలస్యంగా లేస్తాడు. పుట్టినరోజుకి దగ్గర్లో పున్నమి పడితే తేదీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ జరుపుకోవడానికి అంతకన్నా మంచి కారణం ఉండదు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, పెళ్ళయిన కొత్తలో విశాఖలో ఒక హోటల్ బిల్లింగ్ కౌంటర్లో తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఒక రాత్రి నీ వయసు కుర్రాడు ఒకతను, బల్ల దగ్గర అమ్మాయిని కూర్చోబెట్టి కౌంటర్‌కి వచ్చాడు. బిల్లు 2,300 చిల్లర. మెనూలో ధరలు కూడుకుంటే 1,800 లోపే వచ్చిందట అతనికి. మిగతా ఐదొందలు ఎక్కడివో అర్థం కాలేదు. అడగడానికి మొహమాటం. పర్సులో డబ్బు చాలలేదు. వాచీ తీసి నా ముందు పెట్టాడు. నేను మా మేనేజర్‌తో మాట్లాడి సర్వీస్ ఛార్జి తీయించాను, తక్కువైంది నేనే వేశాను. వారం తిరక్కుండా వచ్చి ఇచ్చేశాడు. ఆ రాత్రి అతని చెయ్యి వణకడం నాకు ఇప్పటికీ గుర్తుంది. తిన్నది ఏదీ అతనికి రుచి తెలిసి ఉండదు. నువ్వు అలాంటి స్థితిలో పడకూడదనే ఈ లెక్కలన్నీ ఇంత వివరంగా రాస్తున్నాను.

మెనూలో ఉన్న ధరకీ బిల్లులో ఉండే ధరకీ తేడా ఎక్కడ వస్తుందో చూడు. విడిగా ఉండే మామూలు రెస్టారెంట్లలో, ఏసీ ఉన్నా లేకపోయినా, జీఎస్టీ 5 శాతం. బిల్లులో రెండున్నర, రెండున్నరగా రెండు వరసల్లో రాస్తారు. గది అద్దె రోజుకి 7,500 దాటే పెద్ద హోటళ్ళ లోపల ఉన్న రెస్టారెంట్లో 18 శాతం, తొమ్మిది, తొమ్మిదిగా ఉంటుంది. నువ్వు గది తీసుకోకపోయినా, ఒక్క కాఫీ తాగినా అంతే. ఆ పైన కొన్ని చోట్ల సర్వీస్ ఛార్జి అని 5 నుంచి 10 శాతం వేస్తారు. దాని మీద మళ్ళీ జీఎస్టీ పడుతుంది.

ఉదాహరణకి ఒక పూర్తి డిన్నర్ అనుకో. స్టార్టర్ 380, కూర 400, మూడు నాన్‌లు 180, ఇద్దరికీ కలిపి ఒక బిర్యానీ 420, ఒక స్వీటు 250, రెండు లైమ్ సోడాలు 240. మెనూ లెక్కన 1,870. ఐదు శాతం చోట అయితే 1,963 అవుతుంది. పద్ధెనిమిది శాతం చోట 2,206. అక్కడే పది శాతం సర్వీస్ ఛార్జి కూడా వేస్తే 2,427. తిన్నది అదే, తేడా 460 పైచిలుకు. అకౌంట్స్ చూసేవాడివి, నీకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. మెనూ చూస్తున్నప్పుడే ప్రతి అంకె మీద ఐదో వంతు, సర్వీస్ ఛార్జి కూడా వేసే చోట అయితే మూడో వంతు కలుపుకుని చదువు. తర్వాత బిల్లు వచ్చినప్పుడు గుండె జారదు.

సర్వీస్ ఛార్జి కట్టడం తప్పనిసరి కాదు. హోటళ్ళు దాన్ని వాటంతటవి బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కాబట్టి బిల్లులో ఉంటే గొంతు పెంచకుండా, "ఇది తీసేసి బిల్లు ఇవ్వండి, టిప్ నేను విడిగా ఇస్తాను" అను. చాలాచోట్ల మారుమాట లేకుండా తీసేస్తారు. తీయకపోతే ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది, కానీ ఆ సాయంత్రం ఆమె ముందు గొడవ పెట్టుకోకు. డబ్బు కట్టేసి, బిల్లు ఫోటో ఉంచుకుని, మర్నాడు ఫోన్ చెయ్యి. తీసేస్తే మాత్రం టిప్ ఇవ్వడం మరిచిపోకు. వడ్డించిన పిల్లాడి చేతిలోనే ఒక వంద రూపాయల నోటు పెట్టు. ఆ పిల్లలు రోజంతా కాళ్ళ మీద నిలబడి ఉంటారు.

ఇక హోటల్ సంగతి. నీ డబ్బుకి నాకు తోచిన దారి, సముద్రాన్ని, భోజనాన్ని విడదీయడం. పెద్ద హోటల్లో సాయంత్రం కాఫీ, ఏదో ఒక చిరుతిండి. ఊరి లోపల ఒక మంచి రెస్టారెంట్లో రాత్రి భోజనం. బీచ్ రోడ్డులో సముద్రానికి ఎదురుగా నోవాటెల్ ఉంది, లాసన్స్ బే వైపు ది పార్క్ ఉంది, రుషికొండ దగ్గర సాయిప్రియ రిసార్ట్ ఉంది. ఇలాంటి చోట్ల రాత్రి భోజనం చేస్తే, దారి ఖర్చులతో కలిపి నీ మూడు వేలు చాలకపోవచ్చు. కాఫీ తాగడానికి ఎవరైనా వెళ్ళొచ్చు. గది తీసుకున్న వాళ్ళకే అని మామూలుగా ఉండదు, గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడేమోనని భయపడకు. "కాఫీ షాప్‌కి" అంటే చాలు, దారి చూపిస్తారు. కుర్చీలు, తివాచీలు, వడ్డించే మర్యాద, కిటికీలోంచి కనిపించే నీళ్ళు, అన్నీ భోజనం చేసేవాళ్ళకి ఉన్నట్టే మీకూ ఉంటాయి.

లెక్క ఇలా వేసుకో. రెండు కాఫీలు మూడొందల చొప్పున 600, ఒక ప్లేటు చిరుతిండి 500. మొత్తం 1,100, పద్ధెనిమిది శాతంతో 1,298. తర్వాత సిరిపురం, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు ఏదైనా మంచి ఏసీ రెస్టారెంట్లో వన్ బై టూ సూప్ 180, స్టార్టర్ 340, ఒక బిర్యానీ 380, ఐస్‌క్రీమ్ 150. మొత్తం 1,050, ఐదు శాతంతో 1,102. రెండూ కలిపి 2,400. ఆటోలకి, టిప్‌కి, నీ బస్సుకి ఆరువందలు మిగిలాయి. ఈ ధరలు లెక్క కోసం నేను వేసినవి. వెళ్ళే ముందు ఆ హోటల్ మెనూ ఫోన్లో చూసి అసలు అంకెలు పెట్టుకో. రెండో చోటికి ఉదాహరణలు కావాలంటే, డాబాగార్డెన్స్‌లో డాల్ఫిన్ హోటల్‌కి పై అంతస్తులో రెస్టారెంట్ ఉంది, ఊరి దీపాలన్నీ కనిపిస్తాయి. ఆమె శాకాహారి అయితే దసపల్లా హోటల్ వాళ్ళ ధరణి రెస్టారెంట్ నాకు ఇష్టం. అక్కడ నలుగురు మనుషుల మధ్య కూర్చుని తింటున్నట్టు ఉంటుంది, బిడియం ఉండదు.

రెండు చోట్లకి తిరగడం ఇష్టం లేక ఒకేచోట కూర్చోవాలని ఉంటే ఒక చిక్కుంది, అది తెలుసుకుని వెళ్ళు. మంచి రెస్టారెంట్లు చాలావరకు మధ్యాహ్నం మూడు, మూడున్నరకి వంటగది ఆపేసి మళ్ళీ రాత్రి ఏడింటికి గానీ తెరవవు. ఐదింటికి వెళితే బిర్యానీ దొరకదు. రోజంతా నడిచేవి కాఫీ షాపులే, వాటినే కొన్ని హోటళ్ళు ఆల్ డే డైనింగ్ అంటాయి. అందుకని ముందురోజే ఫోన్ చేసి అడగాల్సినవి అడిగెయ్యి. సాయంత్రం ఐదింటికి వంటగది ఉంటుందా, ఏమేం దొరుకుతాయి? ఇద్దరికి సముద్రం వైపు బల్ల పేరు మీద ఉంచుతారా? ఉంచితే కనీసం ఇంత బిల్లు అవ్వాలని షరతు ఏమైనా ఉందా? ట్యాక్స్ ఎంత, సర్వీస్ ఛార్జి ఉందా? ఆ సాయంత్రం హాలులో ఫంక్షన్ ఏమైనా ఉందా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. పక్క హాల్లో డీజే పెడితే మీరిద్దరూ ఒకరి మాట ఒకరికి వినపడక ఫోన్లు చూసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. పెళ్ళికి ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే గంటలు ఎన్ని దొరుకుతాయి చెప్పు? నేనైతే వంట ఒక మెట్టు తక్కువైనా సరే, నెమ్మదిగా మాట్లాడుకునే వీలున్న చోటే ఎంచుకుంటాను.

ఆ కారణంతోనే శనివారం వద్దంటున్నాను. శని, ఆదివారాల రాత్రుళ్ళు విశాఖలో మంచి హోటల్ ఏదైనా కిటకిటలాడుతుంది. జనవరి అంటే అరకు వచ్చే వాళ్ళు కూడా అక్కడే దిగుతారు. బుధవారం పుట్టినరోజు నాడే సగం రోజు సెలవు దొరుకుతుందేమో మీ ఆఫీసులో అడుగు, ఆమెని కూడా అడగమను. దొరక్కపోతే ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి వెళ్ళండి, ఆరున్నరకి గుంపు మొదలయ్యేలోపు లేచి రావచ్చు. లక్ష్మివారానికి, అంటే గురువారానికి జరిపితే మాత్రం ముందు ఆమెని అడుగు. మన వైపు ఆడపిల్లల్లో లక్ష్మివారం నీచు ముట్టని వాళ్ళు చాలామంది. శనివారం తినని వాళ్ళూ ఉన్నారు. తెలుసుకోకుండా రొయ్యల వేపుడు చెప్పేసి, ఆమె పనీర్ ముక్క ఒకటి కొరుకుతూ కూర్చుంటే నీకే బాధ.

బఫే వద్దు. తలకి ఇంత అని చూస్తే చవకగా అనిపిస్తుంది, కింద చిన్న అక్షరాల్లో పన్నులు అదనం అని ఉంటుంది, పైగా గంటలో నాలుగుసార్లు లేచి ప్లేటు పట్టుకుని వరసలో నిలబడాలి. కుటుంబమంతా వెళ్ళినప్పుడు అది బాగుంటుంది.

ఆఫర్ల గురించి కూడా ఒక మాట. జొమాటో వాళ్ళ డిస్ట్రిక్ట్ యాప్‌లో, స్విగ్గీ డైనవుట్‌లో బల్ల బుక్ చేసుకుని బిల్లు యాప్‌లోనే కడితే తగ్గింపు వస్తుంది, ఒక్కోసారి గట్టిగానే. కానీ అది ఆ రోజుకి, ఆ వేళకి వర్తిస్తుందో లేదో ఆర్డరు ఇవ్వకముందే అక్కడి మనిషికి యాప్ చూపించి అడుగు. తిన్నాక అడిగితే, "ఈ రోజు లేదండీ" అంటే చేసేదేమీ లేదు. ఆ తగ్గింపుని నమ్ముకుని బడ్జెట్ వేసుకోకు. వస్తే ఆ డబ్బుతో ఇంకో ఐస్‌క్రీమ్ తినండి.

ఆర్డర్ దగ్గర జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మెనూలో ధర ఉండాల్సిన చోట ఏపీఎస్ అనో, మార్కెట్ ధర అనో ఉంటే దాని జోలికి పోకు. అది సైజుని బట్టి ధర. పీతలకి, పెద్ద రొయ్యలకి, ముక్కలు కొయ్యకుండా వండే చేపలకి అలా రాస్తారు. వంద గ్రాములు 180 అంటే తక్కువే అనిపిస్తుంది, చేప ఎనిమిది వందల గ్రాములు తూగితే 1,440. ఆర్డరు రాసుకునే కెప్టెన్ వచ్చి ఈ రోజు స్పెషల్ అంటూ నోటితో చెప్పేవాటికి ధర చెప్పడు. "ఎంతండీ అది?" అని అడగడంలో తప్పేమీ లేదు. నేను తొమ్మిదేళ్ళలో చూసిన బాగా డబ్బున్న వాళ్ళంతా అడిగేవాళ్ళు. కూర్చోగానే, "మినరల్ వాటరా, రెగ్యులరా?" అంటారు. రెగ్యులర్ అను. సీసా తీసుకుంటే పెద్ద హోటళ్ళలో దాని మీద ముద్రించిన ధరకన్నా ఎక్కువే వేస్తారు. అలా వేయడం చెల్లుతుందని 2017లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది, కాబట్టి వాదించి లాభం లేదు. ఇద్దరికి ఒక స్టార్టర్, ఒక బిర్యానీ సరిపోతాయి. చాలకపోతే తర్వాత చెప్పుకోవచ్చు. ముందే నాలుగు చెప్పేసి సగం వదిలేసేవాళ్ళే ఎక్కువ.

ఇంగ్లీషు గురించి, ఫోర్కు గురించి నువ్వు పడుతున్న టెన్షన్ నాకు అర్థమైంది. దాని గురించి గట్టిగా చెప్పాలనుంది. విశాఖ హోటళ్ళలో వడ్డించే పిల్లల్లో చాలామంది మన వాళ్ళే. పలాస, టెక్కలి, పార్వతీపురం, బొబ్బిలి నుంచి వచ్చినవాళ్ళు. తెలుగులో పలకరించి, "ఇది ఎలా ఉంటుంది బాబూ, కారం ఎక్కువా?" అని అడిగితే వాళ్ళ ముఖం వెలుగుతుంది. ఆ బల్లని మిగతా బల్లలకన్నా శ్రద్ధగా చూసుకుంటారు. నేను కళ్ళారా చూశాను. మెనూలో పేరు తెలియకపోతే వేలు పెట్టి చూపించి అడుగు. తెలియంది అడిగే మగాడిని చూసి ఏ ఆడపిల్లా తక్కువగా అనుకోదు. తెలిసినట్టు నటించి తర్వాత వడ్డించిన వాడి మీద విసుక్కునే వాడిని మాత్రం జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది.

ఫోర్కు పట్టాలని రూలేం లేదు. బిర్యానీ చేత్తోనే తిను. నాన్ చేత్తో తుంచుకుని తినేదే. చివర్లో గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, నిమ్మచెక్క వేసి తెస్తారు, అది వేళ్ళు కడుక్కోవడానికి. నిమ్మచెక్కని వేళ్ళకి రుద్దుకుని గుడ్డతో తుడుచుకోవడమే. బల్ల మీద మడిచి ఉన్న గుడ్డ ఒళ్ళో పరుచుకోవడానికి. ఇంతకు మించి నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఒకవేళ అంతగా బెరుకుగా ఉంటే, ముందు ఆదివారం మన ఊళ్ళోనే ఏదైనా ఏసీ రెస్టారెంట్‌కి మీ అమ్మగారిని తీసుకెళ్ళి కూర్చో. ఒక సూప్, ఒక బిర్యానీ చెప్పు. నీకు అలవాటవుతుంది, ఆవిడకి సంతోషం. పెళ్ళయ్యాక మీ అమ్మగారితో ఒక్కడివే బయటికి వెళ్ళే రోజులు తగ్గిపోతాయి, ఇప్పుడే తీసుకెళ్ళు.

నిజానికి విశాఖ దాకా ఎందుకు, ఇక్కడే చెయ్యొచ్చుగా అని కూడా నాకు మనసులో మెదిలింది. గంటస్తంభం నుంచి నడిచే దూరంలోనే కూర్చుని తినడానికి మంచి చోట్లున్నాయి. కానీ మన ఊళ్ళో పావుగంట నిలబడితే తెలిసినవాళ్ళు ముగ్గురు కనిపిస్తారు. పలకరించకపోతే బాగుండదు, పలకరిస్తే కూర్చుండిపోతారు. ఇక్కడ పెద్దచెరువు ఉన్నా, ఆమె అడిగింది సముద్రం.

ఫ్రెండ్ క్రెడిట్ కార్డు గురించి. తీసుకోకు. ఫాల్గుణంలో పెళ్ళి పెట్టుకుని, జనవరిలో ఒక సాయంత్రం కోసం అప్పు మొదలుపెట్టొద్దు. అంతకన్నా ముఖ్యం, నీ దగ్గర ఎంత ఉందో ఆమెకి చెప్పు. వెళ్ళే ముందే, ఫోన్లోనే. "మూడు వేలల్లో ఈ సాయంత్రం చేద్దామనుకుంటున్నాను, ఇలా ప్లాన్ వేశాను" అని మామూలుగా చెప్పెయ్యి. ఇంకో రెండు నెలల్లో మీ ఇద్దరి జీతాలు ఒకే ఇంటి ఖర్చులోకి వస్తాయి. ఉద్యోగం చేస్తూ హాస్టల్ ఫీజు కట్టుకుంటున్న అమ్మాయికి నెలాఖరు ఎలా ఉంటుందో నీకన్నా తక్కువ తెలియదు. కాఫీ డబ్బు తను కడతానంటే కట్టనివ్వు. వద్దు వద్దని చెయ్యి పట్టుకుని ఆపడంలో గౌరవం ఏమీ లేదు. తను కట్టినందుకు నువ్వు చిన్నబుచ్చుకుంటే ఆమెకి ఇక ఎప్పుడూ ముందుకు రావాలనిపించదు.

పుట్టినరోజు కేకు మీరు తీసుకెళ్ళాలనుకుంటే బయటి కేకు లోపలికి రానిస్తారా అని బుక్ చేసినప్పుడే అడుగు. కొన్ని చోట్ల చెబితే చిన్న పేస్ట్రీ మీద ఒక కొవ్వొత్తి పెట్టి వాళ్ళే తెచ్చిస్తారు. అయితే అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టడం కొందరు అమ్మాయిలకి అస్సలు ఇష్టం ఉండదు. ఆమె ఎలాంటిదో నీకు ఇంకా తెలియకపోతే అది వద్దని చెప్పు.

ఇంట్లో వాళ్ళకి తెలిసే వెళ్ళండి. మీ ఇంట్లో ఎలాగూ చెబుతావు, ఆమె వాళ్ళ అమ్మగారికి కూడా నువ్వే ఫోన్ చేసి, "అత్తయ్యగారూ, పుట్టినరోజుకి బయట భోంచేద్దామనుకుంటున్నాం, తొమ్మిది లోపు హాస్టల్లో దింపేస్తాను" అని చెప్పు. శ్రీకాకుళంలో కూర్చుని కూతురి గురించి ఆలోచించే తల్లికి ఆ ఒక్క ఫోనుతో ఎంతో నిశ్చింత.

విజయనగరం నుంచి బైక్ మీద వెళ్ళకు. అరవై కిలోమీటర్లు, వచ్చేటప్పుడు రాత్రి, హైవే నిండా లారీలు. రైలో బస్సో ఎక్కి వెళ్ళు. ముందు ఆమె హాస్టల్ గేటు వేళ రాసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రా. తొమ్మిదికి ఆమె గేటు దగ్గర ఉండాలి, అంటే ఎనిమిదిన్నరకి భోజనం బల్ల దగ్గర నుంచి లేవాలి, అంటే ఏడింటికల్లా అక్కడ కూర్చోవాలి, అంటే సముద్రం దగ్గర నుంచి ఆరున్నరకి బయల్దేరాలి. ఈ లెక్కకి కుదరని హోటల్ ఎంత మంచిదైనా ఈసారికి వదిలెయ్యి.

కాఫీ షాప్‌లో బల్ల చూపించాక, సముద్రానికి ఎదురుగా ఉండే కుర్చీ ఆమెకి ఇవ్వు. స్పీకరు కింద, వంటగది తలుపు పక్కన బల్ల ఇస్తే మార్చమని అప్పుడే అడుగు, కూర్చున్నాక మొహమాటం వస్తుంది.

ఆమెని ఎంవీపీ కాలనీలో దింపాక మళ్ళీ ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెనక్కి పోనక్కర్లేదు. మద్దిలపాలెంలో నిలబడితే విజయనగరం బస్సు దొరుకుతుంది. ఆఖరి బస్సు వేళ పగలే కనుక్కుని ఉంచుకో. ఎక్కాక ఆమెకి ఒక మెసేజ్ పెట్టు, మీ అమ్మగారికి ఒకటి.